గొంతే రంగస్థలం

అలంకారికులు కావ్యాన్ని దృశ్యమనీ శ్రవ్యమనీ విభజించి నాటకాన్ని దృశ్యకావ్యాల్లో చేర్చగా, రేడియో ఆ నాటకాన్నే శ్రవ్యంగా మార్చి, నాలుగు విధాల అభినయం బరువునంతా వాచికం మీద, అంటే మాట మీద మోపింది. అవయవాల కదలిక అయిన ఆంగికానికీ వేషభూషలైన ఆహార్యానికీ ఇక్కడ చోటు లేదు. కన్నీరు, వణుకు వంటి సాత్త్విక భావాలు సైతం పలుకులోనే తెలియాలి. రంగస్థల నటుడు వెనక వరుసకు వినపడేలా గొంతెత్తితే, రేడియో నటుడు మైకు ముందు నిలబడి ఒకే ఒక్క శ్రోత చెవిలో చెబుతున్నట్టు పలుకుతాడు. సినిమా నాయిక ముఖం అందరికీ ఒకటే. రేడియో నాయికకు విన్న ప్రతి ఇంట్లో ఒక ముఖం. కథలో సగాన్ని శ్రోత మనసే పూరించుకోవడం ఈ ప్రక్రియకు ప్రాణం.

అందుకే ఇందులో పనితనమంతా చెవికి సంబంధించినదే. నటుడు మైకుకు ఎడంగా జరిగి ముఖం పక్కకు తిప్పి మాట్లాడితే పాత్ర గుమ్మం అవతల ఉన్నట్టు తోస్తుంది. ధ్వనిని క్రమంగా తగ్గించే ఫేడ్ అవుట్, క్రమంగా పెంచే ఫేడ్ ఇన్ రంగస్థలం మీది తెర చేసే పని చేస్తాయి. కొబ్బరి చిప్పలు గుర్రపు డెక్కలవుతాయి, నలిపిన సెల్లోఫేన్ కాగితం మంటవుతుంది, ఊపిన రేకు ఉరుమవుతుంది. రచయిత ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో సంభాషణలోనే తెలియజెప్పాలి. ఒకే రంగంలో గొంతులు ఎక్కువైతే శ్రోతకు దారి తప్పుతుంది. అన్నిటికన్నా కష్టమైనది మౌనం: తగుపాటి విరామం గుండెను పట్టేస్తుంది, అది కాస్త సాగితే ప్రసారం ఆగిపోయిందనిపిస్తుంది.

1938లో మద్రాసులో, 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రాలు ఏర్పడ్డాయి. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆ స్టూడియోల్లో పండిన గొంతులకు సాటి ఎక్కడుంది! చలం ‘పురూరవ’లో ఊర్వశిగా శారదా శ్రీనివాసన్ అనురాగాన్నీ ధిక్కారాన్నీ ఒకే ఊపిరిలో పలికించిన తీరు ఏ నటికైనా పాఠమే. ‘గణపతి’ నాటకంలో నండూరి సుబ్బారావు గొంతు వింటే చిలకమర్తి హాస్యం కళ్లకు కడుతుంది. ఉషశ్రీ అయితే వేషం లేకుండా, తోడు పాత్రలు లేకుండా, ఒక్క గొంతుతో రామాయణ భారతాలను ఇంటింటి కథలు చేశారు.

ఇంతటి సంపదకు వారసులమని చెప్పుకునే నేటి ఆడియో కథల్లో అనేకం చేస్తున్నదేమిటి? మొదటి నుంచి చివరి దాకా వాద్యఘోష మోగించి మాటను ముంచేయడం, విరుపూ కాకువూ ఎరుగని యంత్రస్వరంతో కథను అప్పజెప్పించడం! కాకువు అంటే భావాన్ని బట్టి గొంతు మారే తీరు. అది లేని కథనం ప్రాణం లేని కట్టె. ఇక ఆ సంపద సంగతి చూస్తే, తొలినాటి నాటకాలు ఎన్నో ప్రత్యక్ష ప్రసారాలై గాలిలోనే కలిసిపోయాయి; మిగిలినవాటిలో కొన్నిటిని అభిమానులు ఇళ్లలో రికార్డు చేసుకున్న క్యాసెట్ల నుంచి కాపాడుతున్నారు. వ్యక్తులు తలకెత్తుకున్న ఈ భారం నిజానికి సంస్థలది. భాండాగారాల్లోని టేపులు డిజిటల్ రూపంలో అందరికీ అందాలి, కొత్త గొంతులకు ఆ నాటకాలే పాఠాలు కావాలి, ఆదివారం మధ్యాహ్నం మళ్లీ ఒక మంచి నాటకం వినబడాలి. సగం కథను తనే పూరించుకోగల శ్రోత తెలుగునాట ఇంకా ఉన్నాడు. మిగతా సగాన్ని పలికే గొంతు కోసమే అతడు చెవి ఒగ్గి ఉన్నాడు.