ఆ పుస్తకంలో అమ్మ లేదు

మా ఆడపడుచు కూతురికి ఏడో నెల. దాని చేతిలో జోసెఫ్ పిలాటిస్ 1945లో వేసిన ‘రిటర్న్ టు లైఫ్ త్రూ కంట్రాలజీ’ చూసి నేనూ తిరగేశాను. 34 వ్యాయామాలు, ఫొటోల్లో ఆయనే, ఉక్కుముక్కలా! ముచ్చటే. కానీ మొదటి పాఠమే ‘హండ్రెడ్’: వెల్లకిలా పడుకుని, తలా కాళ్ళూ ఎత్తి, చేతులు వందసార్లు ఆడించాలి.

నెలలు నిండే పిల్ల అలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్ళు తిరగొచ్చు. బాలింతకైతే, ఎడమైన పొట్ట కండరాలు దగ్గరపడకముందే తల ఎత్తితే పొట్ట నడుమ ఉబుకుతుంది. అందుకే తెలిసిన టీచర్లు గర్భిణిని కూర్చోబెట్టి చేతులు మాత్రమే ఆడించమంటారు. బాలింతకు ముందు ఊపిరీ, కటి కండరాల బిగింపూ నేర్పుతారు.

‘అది అసలు పిలాటిసే కాదు’ అని మూతి విరిచేవాళ్ళున్నారు. నన్నడిగితే అదే అసలుది. మనసు ఒంటిని నడిపించాలన్నారాయన. రెండు ప్రాణాలున్న ఒంటిని నడిపించాలంటే, ముందు దాని మాట వినొద్దూ?