రెండున్నర అంగుళాల పని

కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా కొండల నడుమ రూబికాన్ అనే బండరాళ్ల బాట ఉంది. దాని పేరే పెట్టుకున్న జీప్ రాంగ్లర్ రూబికాన్ కూడా అక్కడ ఒక్కోసారి పొట్ట గీరుకుంటుంది. అందుకే 35 అంగుళాల టైర్లు వేయించి, బండిని రెండున్నర అంగుళాలు లేపించుకుంటారు. చూసేవాళ్లకు అదంతా షోకు.

కానీ లెక్క వేరు. 33 అంగుళాల టైరు తీసి 35ది వేస్తే ఇరుసు లేచేది ఒక్క అంగుళమే. ఆ రెండున్నర అంగుళాల కోసం వేసే పొడుగు స్ప్రింగులు లేపేది బాడీని, ఇరుసును కాదు. మరి లిఫ్ట్ దేనికి? గుంటలో చక్రం పైకి తన్నినప్పుడు పెద్ద టైరు ఫెండర్‌ను ఒరుసుకోకుండా.

మెకానిక్ పనితనం ఇక్కడే తెలుస్తుంది. బాడీ లేవగానే ముందు ఇరుసు ఓ పక్కకు జరుగుతుంది. దాన్ని అడ్డంగా పట్టి ఉంచే ట్రాక్ బార్ సరిచేయాలి. చక్రం మలుపు తిరిగే అక్షం వాలు, అంటే క్యాస్టర్ కోణం, తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది; కంట్రోల్ ఆర్మ్‌లు సర్దాలి. బ్రేకు గొట్టాలు చాలకపోవచ్చు. పెద్ద టైర్ల వల్ల స్పీడోమీటరు సైతం వేగాన్ని తక్కువ చేసి చెబుతుంది. ఆరంగుళాలు లేపమనేవాళ్లూ లేకపోలేదు, మలుపులో బండి ఒరిగేదాకా!

అన్నీ బిగించాక కూడా మంచి మెకానిక్ వెంటనే తాళాలివ్వడు. ఒక ముందు చక్రాన్ని ర్యాంపు ఎక్కించి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించి, ఏది ఎక్కడ తగులుతోందో కింద పడుకుని చూస్తాడు.