అడవి గాచిన వెన్నెల

మహాభారతమున కర్ణపర్వములో నొక విచిత్ర ఘట్టము కలదు. గాండీవమును పరులకిమ్మని పలికినవానిని జంపుదునని యర్జునునకు వ్రతము. ధర్మరాజే యామాట పలుకగా, పెద్దవానిని నిందించుటయే యాతని జంపుట యని చెప్పి శ్రీకృష్ణుడు గండము గడపును. అన్నను నిందించితినను దుఃఖముతో నర్జునుడు తన్ను తాను జంపుకొనబోగా, నిన్ను నీవు పొగడుకొనుము, అదియే యాత్మహత్య యగునని బోధించును. ఈ కథ వినుచు పెరిగిన మన గ్రంథకర్తలు తమ గ్రంథమునుగూర్చి తామే చెప్పుకొనవలసి వచ్చినప్పుడు రెండు తెగలగుచున్నారు. మొదటి తెగవారు నోరు తెరువరు. రెండవ తెగవారు నోరు మూయరు. ఈ యిరువురును ఒక్క పొరపాటే చేయుచున్నారని మా యభిప్రాయము.

కడచిన చలికాలమున ఉట్నూరులో నొక గ్రంథావిష్కరణ సభకు పోయియుంటిమి. ఆదిలాబాదు జిల్లాలోని యీ యూరు గిరిజనాభివృద్ధి సంస్థకు కేంద్రస్థానము. చుట్టును గోండుల, కొలాముల, ప్రధానుల, తోటివారి గూడెములు. సభ నిండుగ జరిగినది. ఉపన్యాసములు తొమ్మిది. వానిలో గ్రంథమునందలి విషయము నెత్తుకొన్నది యొక్కటి; తక్కినవి గ్రంథకర్త గుణగణములకు సంబంధించినవి. శాలువలు కప్పబడెను, ఛాయాచిత్రములు తీయబడెను, ప్రతులు ఉచితముగ పంచబడెను. నెల గడచిన పిదప ముందు వరుసలో గూర్చుండిన పెద్దలను మువ్వురను పుస్తకమెట్లున్నదని యడిగితిమి. సభ బాగుగ జరిగినదని మువ్వురును చెప్పిరి.

ఆ సభలో చివర వరుసను కూర్చుండిన యువకుడొకడు, గూడెపు బడిలో నుపాధ్యాయుడు, వెలుపల టీ దుకాణమువద్ద మమ్ము కలసికొనెను. తాత చెప్పిన గోండు కథలను రెండు నోటుపుస్తకముల నిండ వ్రాసియుంచినాడట. “సారూ, ఇదంతా చూసినంక నా పుస్తకం అచ్చేయించబుద్ధి అయితలేదు. మంచిగుంటే వాళ్లే దేవులాడుకుంట వస్తరు గద” అనెను. మాతో వచ్చిన మిత్రుడొకడు నిట్టూర్చి, “పాపము, అడవి గాచిన వెన్నెల” యనెను. అప్పుడు మేమేమియు పలుకలేకపోతిమి. ఈ వ్యాసము ఆ యువకునికి మా ప్రత్యుత్తరము.

మంచి గ్రంథమును చదువరులే వెదకుకొని వత్తురను నమ్మకము వినుటకింపైనదే కాని, మన వాఙ్మయచరిత్ర దానికి సాక్ష్యమీయదు. కందుకూరి వీరేశలింగముగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. తమ భావములకు చదువరులు సిద్ధముగ లేరని యెఱిగి, వారిని తయారుచేయు పని పత్రికకప్పగించిరి. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చందాదారులను గూర్చుకొని, చరిత్ర శాస్త్ర గ్రంథములను వరుసగ వారికందించినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యీ యేర్పాటులో, చదువరి యొక్క పుస్తకముతో సెలవు తీసికొనువాడు కాడు; రాబోవు పుస్తకమునకు ఎదురుచూచువాడు.

తెలంగాణమునందు ఈ పని యింకను కఠినమైనది. ఏలయనగా ఇచ్చట పాలకుల భాష వేఱు, బడి భాష వేఱు, ఇంటి భాష వేఱు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. తెలంగాణమున కవులు పూజ్యమని యెవరో యన్నప్పుడు ఆయన తన కవిత్వమును జూపి వాదింపలేదు. 354 మంది కవుల పద్యములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. దానిని మించిన ప్రచారము మేమెఱుగము. కాని యది తన ప్రచారము కాదు. వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించి, పుస్తకములు తామే మోసికొని వీథివీథి తిరిగి యమ్మిరి. పుస్తకముల మూట నెత్తుకొన్నవానిని చూచి యాత్మస్తుతి చేసికొనుచున్నాడని యెవ్వరనగలరు? అతడు బరువు తాను మోసి, ఫలము పరుల కందించుచుండెను.

ఈ నలువురును నోరు తెరచినవారే. అయినను వారి పిలుపు “నన్ను చూడుడు” అని కాదు, “దీనిని చూడుడు” అని. మొదటి తెగ గ్రంథకర్త ఈ రెండు పిలుపులును ఒక్కటే యనుకొని సిగ్గుపడుచున్నాడు. రెండవ తెగవాడును రెండొక్కటే యనుకొని సిగ్గు విడుచుచున్నాడు. పొరపాటు ఒక్కటే యని మేమన్నది యిందుకే. అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత నిజము. కాని యడుగవలసినది అన్నము, హారము కాదు.

ఇంతదూరము పోనేల? ఉట్నూరు చుట్టుపట్ల నున్న ప్రధానులనే చూతము. వీరు గోండులకు తరతరములనుండి కథకులు. ప్రతి ప్రధాను కుటుంబమునకు కొన్ని గోండు కుటుంబములతో వంశపారంపర్యముగ సంబంధముండును. కథకుడు కీక్రి యను మూడు తీగెల వాద్యముతో ఆ యిండ్లకు పోయి, వారి గోత్రకథను, దేవతలను, పూర్వుల వీరకృత్యములను గానము చేయును. ధాన్యమో వస్త్రమో పశువో బహుమానముగ పొందును. ఇట్టి కథకుడు తాను గొప్పవాడనని చెప్పుకొనడు. శ్రోతకు శ్రోత కథనే తిరిగి యిచ్చును. ఆ శ్రోత నిద్రపోడు, ఏలయనగా పాటలో నున్నది తన తాతముత్తాతలు.

అయినను ఈ పద్ధతిని మేము కేవలము కీర్తించి విడువము. ప్రధానునకు శ్రోత పుట్టుకతోనే సిద్ధముగ దొరకును. అచ్చుపుస్తకము వ్రాయువానికి దొరకడు. అట్టి చదువరిని సృష్టింపవలసిన కష్టము ఈ ప్రాంతమున నెంతటిదో గోండీ పుస్తకముల చరిత్రయే చెప్పును. 1943లో హైమెన్‌డార్ఫ్ పండితుని ప్రేరణతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్ర మేర్పడి, గోండీ వాచకములు దేవనాగరి లిపిలో నచ్చయినవి. పిల్లల కీ చదువు చెప్పు బడులును వెలసినవి. కాలక్రమమున బడులలో గోండీకి మారు తెలుగు నిలిచినది. ఆ వాచకములకు చదువరులు కఱవైరి. పుస్తకములు చెడ్డవి కావు. చదువరులను తయారుచేయు బడి మారినది, అంతియే.

ఇక గుంజాల సంగతి. నార్నూరు మండలములోని యీ గ్రామమున గోండీకి ప్రత్యేకమైన లిపిలో వ్రాతప్రతులున్నవని ఈ శతాబ్దమున పండితులు గుర్తించిరి. ఆ లిపి నెఱిగిన వృద్ధులు అప్పటికి కొలదిమందియే. 2018లో ఆ లిపికి యూనికోడునందు స్థానము లభించినది. అనగా లోకమందలి కంప్యూటర్లు దానిని గుర్తించుటకు మార్గ మేర్పడినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని యంత్రము గుర్తించిన మాత్రమున మనుష్యుడు చదివినట్లు కాదు. ఆ వృద్ధులలో నొకడు పిల్లవానిని కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించినాడనుకొందము. అతడు ఆనాడు ఒక పాఠకుని లోకమునకిచ్చినాడు. మా దృష్టిలో అది తొమ్మిది యుపన్యాసములకంటె గొప్ప ప్రచారము.

ఇందులో మావంటి పత్రికలవారి దోషమును దాచుట న్యాయము కాదు. అట్ట చూచి, పీఠికలో రెండు పుటలు తిప్పి, “శైలి మృదుమధురము, ప్రతియింటను ఉండదగినది” యని వ్రాసిన విమర్శలు మావియు కలవు. సంతలో వంకాయ కొనువాడైనను గిల్లి చూచును గదా. మేము గ్రంథమును గిల్లియైనను చూడక మెచ్చుకొంటిమి. ఇట్టి మెప్పుల వలననే చదువరికి మెప్పుమీద నమ్మకము పోయినది. నమ్మకము పోయినచోట గ్రంథకర్త మఱింత బిగ్గరగ నరవవలసి వచ్చుచున్నది. ఆ యరపునకు మేమును బాధ్యులము.

కావున ఆ యువకోపాధ్యాయునికి మా విన్నపమిది. నాయనా, నోరు మూసికొనకుము. నీ కథలను మొట్టమొదట చెప్పిన పెద్దల యెదుటనే గోండీలో చదివి వినిపింపుము. వారు తప్పులు దిద్దినచో ఆ దిద్దుబాట్లను శాలువలకంటె విలువైనవిగ నెంచుము. కథ చెప్పినవారి పేరు పుస్తకమున నచ్చువేయింపుము. ప్రతులు తక్కువగ వేయించి, వెల తక్కువగ నుంచి, అమ్ముము. వెల యిచ్చి కొన్నవాడు చదువును, ఊరక వచ్చినదానిని బీరువాలో దాచును. నీ బడిలో వారమునకొక కథ పిల్లలచేత చదివింపుము. పుష్యమాసమున కేస్లాపూరులో నాగోబా జాతర జరుగునప్పుడు చాపపైనైనను పుస్తకములు పరచుకొని కూర్చుండుము. వచ్చినవారితో నిన్నుగూర్చి కాక, కథనుగూర్చి మాటాడుము. నీ ఫోనులోను అట్లే చేయుము: నీ ముఖము వెనుకనుంచి కథను ముందుంచుము. పదుగురు చదివి, వారిలో నొక్కడు “మా ఊరిలో ఈ కథను వేఱుగా చెప్పుదురు” అని నీతో వాదించిననాడు నీకు పాఠకుడు దొరికినాడని తెలిసికొనుము.

చదువరులారా, మీ పాలు మీకును కలదు. సభకు పోయి పుస్తకము తెచ్చుకొనుట సులభము. తెచ్చుకొన్నదానిని చదివి, వ్రాసినవానికి మంచి చెడ్డలు తెలుపుచు నాలుగు పంక్తుల కార్డు వ్రాయుట కొంచెము కష్టము. ఆ కార్డు చేరిన గ్రంథకర్తకు తన్ను తాను పొగడుకొనవలసిన యవసరము తగ్గును.

మా మిత్రుడు నిట్టూర్పుతో పలికిన సామెతను మేము మరువలేదు. అడవిలో వెన్నెల కాచిన వ్యర్థమని మన పెద్దలనిరి. అడవిలో చూచువారెవ్వరును లేరని వారి తలంపు. ఉట్నూరులో నిలువబడి యామాట యనరాదు. ఈ యడవిలో గూడెములున్నవి, గూడెములలో ముంగిళ్లున్నవి, ఆ ముంగిళ్లలో తాతలు కథలు చెప్పుచుండగా వెన్నెలలో కూర్చుండి వినిన పిల్లలు కలరు. వారిలో నొకడే రెండు నోటుపుస్తకముల నిండ వ్రాసినాడు. అతని వెన్నెల వ్యర్థముగ కాయుట లేదు. తలుపు తట్టి, వెన్నెల వచ్చినది బయటికి రండని పిలుచువాడే యిప్పుడు కావలసియున్నది.