నది ఆవలి ఒడ్డు: ‘మోటర్‌సైకిల్ డైరీస్’ చిత్రముపై ఒక వేదాంత విమర్శ

వేదాంత విద్యార్థులను పల్లెలకు, మురికివాడలకు, ఆసుపత్రులకు పరిచర్య నిమిత్తము పంపడం మన సెమినరీలలో వాడుకగా ఉన్నది. వెళ్ళినవారు కదిలిపోయి తిరిగివస్తారు. చాపెల్‌లో సాక్ష్యం చెప్తారు, కొందరు కన్నీళ్ళు పెట్టుకొంటారు. ఆరు నెలల తరువాత ఆ కదలిక ఏమైనదని అడిగేవారు తక్కువ. ఈ ప్రశ్నను ముందుంచుకొని బ్రెజిల్ దర్శకుడు వాల్టర్ సాలెస్ 2004లో అందించిన ‘మోటర్‌సైకిల్ డైరీస్’ చిత్రమును, దానికి మూలమైన ప్రయాణ గ్రంథమును పరిశీలింపదలచాము.

కథ తెలిసినదే. 1952లో అర్జెంటీనాకు చెందిన వైద్య విద్యార్థి ఎర్నెస్టో గువేరా, అతని స్నేహితుడు అల్బెర్టో గ్రనాడో ఒక పాత నార్టన్ మోటర్‌సైకిల్‌పై దక్షిణ అమెరికా ఖండమును చూడడానికి బయలుదేరారు. ఎర్నెస్టోకు అప్పటికి 23 సంవత్సరాలు. చిన్ననాటినుండి ఉబ్బసము ఉన్నది. గ్రనాడో జీవరసాయన శాస్త్రజ్ఞుడు, కుష్ఠువ్యాధిగ్రస్తుల మధ్య పనిచేసినవాడు. బండి చిలీలోనే మూలబడింది. ఆ తరువాత లారీలమీద, కాలినడకన, పడవలమీద వారు ముందుకు సాగారు. బండి పోయిన తరువాతనే వారికి మనుష్యులు కనబడడం మొదలైనదని మేము గమనించాము. వేగంగా పోయేవానికి దారి కనబడుతుంది గాని దారిప్రక్కన పడియున్నవాడు కనబడడు.

చిలీలోని చుకికమాట రాగి గని సమీపాన జరిగే సన్నివేశము చిత్రమునకు గుండెకాయవంటిది. భూమి కోల్పోయి, రాజకీయ విశ్వాసము కారణంగా తరుమబడి, గనిలో పని వెదకుకొంటూ పోతున్న దంపతులు చలిరాత్రి ఈ ఇద్దరికి తారసపడతారు. మీరును పనికోసమేనా వెళ్తున్నారని ఆ స్త్రీ అడుగుతుంది. కాదు, ఊరకే ప్రయాణిస్తున్నామని ఎర్నెస్టో సిగ్గుపడుతూ చెప్తాడు. ఆమె ఆశ్చర్యపోయినా వారి ప్రయాణమును దీవిస్తుంది. బ్రతుకుకోసం నడిచేవారికి, చూడడంకోసం నడిచేవారికి మధ్యనున్న దూరమును ఏ ప్రసంగమూ లేకుండా ఈ సన్నివేశము తెలియజేస్తుంది. మన సందర్శన యాత్రలన్నిటికీ ఆ స్త్రీ ప్రశ్న వర్తిస్తుంది.

చిత్రములోని చివరి ఘట్టము పెరూలో, అమెజాన్ ఒడ్డున ఉన్న సాన్ పాబ్లో కుష్ఠువ్యాధి కేంద్రములో జరుగుతుంది. వైద్యులు, మఠకన్యలు నదికి ఒక ఒడ్డున, రోగులు ఆవలి ఒడ్డున ఉంటారు. రోగులను తాకునప్పుడు చేతితొడుగులు ధరించాలని మఠకన్యల నియమము. చికిత్సలో ఉన్నవారినుండి వ్యాధి సోకదని తెలిసిన ఈ ఇద్దరు వాటిని నిరాకరిస్తారు. పూజకు రానివారికి భోజనము లేదని మఠపెద్ద అంటే, రోగులే వారికి అన్నం తెచ్చిపెడతారు. తన పుట్టినరోజు రాత్రి ఎర్నెస్టో ఉబ్బసముతోనే నదిని ఈది రోగుల ఒడ్డుకు చేరుతాడు. గువేరా ఆ నదిని ఈదిన మాట నిజమే. అయితే దానిని పుట్టినరోజు రాత్రి రోగులయొద్దకు సాగిన దాటింపుగా మలచినది చిత్రకారుడే. అది మారుమనస్సుకు చిహ్నముగా, ఇంచుమించు బాప్తిస్మముగా, చూపబడింది.

సంఘముపై ఈ చిత్రము మోపిన నేరమును మనము కొట్టివేయరాదు. ఆరాధనకు హాజరైతేనే అన్నము అనే నియమము సువార్తకు అవమానము. క్రిస్మసుకు చీరెలు, బియ్యము పంచునప్పుడు హాజరు పట్టీ చూచే అలవాటు మన సంఘములలో ఎక్కడైనా ఉంటే, ఆ మఠపెద్దను మనము తప్పుపట్టలేము.

అయినను చిత్రము గమనింపని సంగతి ఒకటున్నది. తొడుగులు తీసివేసినవారు కొద్దికాలము ఉండి తెప్పమీద వెళ్ళిపోయారు. తొడుగులు ధరించినవారు వారికంటె ముందునుండి అక్కడ ఉన్నారు, వారు వెళ్ళిన తరువాతను ఉన్నారు. తాకినవాడు నిలువలేదు, నిలిచినవారు తాకలేదు. మా దృష్టిలో ఈ చిత్రము సంఘము ముందుంచే అసలు ప్రశ్న ఇదే.

మార్కు సువార్త మొదటి అధ్యాయములో యేసు కుష్ఠరోగిని చేయి చాపి తాకాడు. ఆ వృత్తాంతము అంతటితో ముగియదు. బాగుపడినవాడు పట్టణములలో తిరుగుతూ సంగతి ప్రకటించగా, యేసు బహిరంగముగా పట్టణములో ప్రవేశింపలేక బయట అరణ్య ప్రదేశములలో ఉండవలసివచ్చింది. అంటే రోగి ఉన్న స్థలమునకు యేసు వెళ్ళాడు. తాకడము ఒక్క క్షణము. స్థలము మారడము ఒక జీవితము. మంచి సమరయుడు కూడ గాయములు కట్టి పోలేదు. పూటకూళ్ళవానికి రెండు దేనారములిచ్చి, తిరిగివస్తానని మాట ఇచ్చాడు.

ప్రయాణమునుండి గువేరా ఎటు వెళ్ళాడో లోకమెరుగును. అతని గ్రంథపు చివరి పుటలలో రక్తము, ఆయుధము స్పష్టముగా కనబడతాయి. కరాకస్‌లోని నల్లవారినిగూర్చి చిన్నచూపు మాటలును ఉన్నవి. చిత్రము ఈ రెంటిని విడిచిపెట్టింది. 1959లో హవానాలోని కోటలో మరణశిక్షలు అమలైన కాలమున దానికి అధిపతి అతడే. 1967లో బొలీవియాలో అతడే చంపబడ్డాడు. కనికరము న్యాయాగ్రహముగా మారడము మంచిదే. ఆ ఆగ్రహమునకు సిలువ లేనప్పుడు అది తీర్పరి అవుతుంది, తరువాత తలారి అవుతుంది. ఈ కనువిప్పును చూపి, దాని ఫలమును చూపకపోవడము చిత్రములోని ప్రధాన లోపమని మా అభిప్రాయము.

అదే ఖండములో మరియొక దారి ఉండినది. గువేరా పుట్టిన 1928 జూన్ నెలలోనే లిమా పట్టణములో గుస్తావో గుటియెరెజ్ జన్మించాడు. అతడును చిన్ననాట రోగపీడితుడే, అతడును మొదట వైద్యము చదివినవాడే. అయితే గురువుగా అభిషేకము పొంది, లిమాలోని రీమాక్ పేదవాడలో పరిచర్య చేస్తూ, 1971లో విమోచన వేదాంతముపై తన గ్రంథమును ప్రచురించాడు. 2024లో తన పట్టణములోనే కన్నుమూశాడు. అతని వేదాంతముతో మనము అన్ని విషయములలో ఏకీభవింపనక్కరలేదు. కాని అతడు చూచాడు, దాటాడు, అక్కడే నిలిచాడు.

మనకు ఇది క్రొత్త సంగతి కాదు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠువ్యాధిగ్రస్తులకొరకు ఆసుపత్రి స్థాపించి, సంవత్సరముల తరబడి వారి మధ్యనే సేవచేసినది. తాకడము, నిలువడము రెండును ఒకే జీవితములో సాధ్యమని తెలుగు నేల చూచినది.

కనుక ఈ చిత్రమును విద్యార్థులకు చూపవలెననియే మా సలహా. అయితే ప్రయాణ గ్రంథపు చివరి పుటలతో కలిపి చూపాలి. చూచిన తరువాత వారిని అడుగవలసినది మీకేమనిపించినది అని కాదు. మీరు తిరిగి ఎప్పుడు వెళ్తారు, అక్కడ ఎంతకాలము ఉంటారు అని అడగాలి.