కాందహార్ విమానమూ, కార్వేటినగరం ప్రేక్షకులూ

ఒక కళాఖండం గురించి ప్రేక్షకులు ఏమనుకుంటున్నారో విమర్శకుడు పట్టించుకోవాలా, అక్కరలేదా అన్నది మన సాహిత్యరంగంలో పాత ప్రశ్నే. అక్కరలేదనేవారు రసజ్ఞత కొద్దిమంది సొత్తని నమ్మినవారు. ప్రేక్షకులు ఏమంటే అదే వేదమనేవారు టిక్కెట్లు లెక్కపెట్టుకునేవారు. ఈ రెండు పక్షాలలో దేనిలోనూ నేను చేరను. ప్రేక్షకుడు చెప్పే మాటను తీర్పుగా తీసుకోకూడదు, సాక్ష్యంగా తీసుకోవాలి. సాక్షి నిజం చెప్పవచ్చు, ఎవరో నేర్పిన మాట చెప్పవచ్చు, తాను నిలబడిన చోటు నుంచి కనబడినంతే చెప్పవచ్చు. కాబట్టి సాక్షి ఏమి చెప్పాడన్నదానితో పాటు ఎక్కడ నిలబడి చెప్పాడన్నది కూడా విచారించాలి.

2024 ఆగస్టు 29న నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన ‘ఐసీ 814: ది కాందహార్ హైజాక్’ అనే ఆరు భాగాల ధారావాహికను గురించి మా కార్వేటినగరంలో విన్న మాటలు నన్ను ఈ విచారణకు పురికొల్పాయి. పుత్తూరు రోడ్డు మీది టీ అంగడిలో సెల్‌ఫోనులో చూసినవారు కొందరు, ఇంట్లో పెద్ద టీవీలో చూసినవారు కొందరు. దర్శకుడు అనుభవ్ సిన్హా. ‘ముల్క్’, ‘ఆర్టికల్ 15’ తీసిన మనిషి కనుక ఆలోచనాపరుల ఆశలు కూడా దీని మీద ఉండినాయి.

కథ కల్పితం కాదు. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీకి వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని అయిదుగురు సాయుధులు పట్టుకున్నారు. అమృత్‌సర్‌లో దిగింది. అక్కడ ముక్కాలు గంట సేపు నిలిచినా ఢిల్లీలోని పెద్దలు ఏమీ తేల్చుకోలేకపోయారు, కమాండోలు సమయానికి చేరలేదు. అక్కడి నుంచి లాహోరు, దుబాయి, చివరకు తాలిబాన్ల ఏలుబడిలోని కాందహార్. అప్పుడే పెండ్లి చేసుకొని భార్యతో నేపాళానికి విహారానికి వెళ్ళి తిరిగివస్తున్న రూపిన్ కత్యాల్ అనే పాతికేళ్ళ యువకుణ్ణి దారిలో పొడిచి చంపారు. అతని శవాన్ని దుబాయిలో దింపారు. డిసెంబరు 31న మన ప్రభుత్వం మసూద్ అజర్, ఒమర్ షేక్, ముస్తాక్ జర్గర్ అనే ముగ్గురు ఖైదీలను వదిలిపెట్టి ప్రయాణీకులను విడిపించుకున్నది. విదేశాంగమంత్రి జస్వంత్ సింగ్ ఖైదీల వెంట స్వయంగా కాందహార్ వెళ్ళారు.

ఇంతటి వస్తువున్న ధారావాహిక వస్తే దేశమంతటా దేని గురించి మాట్లాడుకున్నారు? రెండు పేర్ల గురించి. హైజాకర్లు తమలో తాము చీఫ్, డాక్టర్, బర్గర్, భోలా, శంకర్ అని పిలుచుకునేవారు. ముస్లిం దుండగులకు హిందువుల పేర్లు పెట్టి చరిత్రను తారుమారు చేశారని గొడవ లేచింది. కేంద్ర ప్రభుత్వ శాఖ సంస్థ ప్రతినిధిని పిలిపించింది; ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం వేశారు; వారం తిరగకుండానే అయిదుగురి అసలు పేర్లను, మారుపేర్లను ప్రారంభంలోనే చూపిస్తామని నెట్‌ఫ్లిక్స్ ఒప్పుకున్నది. నిజానికి ఆ మారుపేర్లు 2000 జనవరి 6న కేంద్ర హోంశాఖ విడుదల చేసిన ప్రకటనలోనే ఉన్నాయి. అప్పటి హోంమంత్రి అద్వానీ. చరిత్రను తారుమారు చేశారన్న ఆరోపణ అంతటితో తేలిపోయింది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. 1999 తర్వాత పుట్టినవాడికి హోంశాఖ ప్రకటన ఎక్కడ తెలుస్తుంది? మారుపేర్లనే వాడి అసలు పేర్లు చెప్పకుండా వదిలిన దర్శకుడు కనీసమైన వివరణ ఇవ్వవలసింది. ఇవ్వకపోవడం కుట్ర కాదు, అశ్రద్ధ.

మన పక్షం వారిని కూడా ఇక్కడే అడగవలసి ఉన్నది. మతవాదులు దాడి చేశారు కనుక ఇది మంచి ధారావాహిక అయివుండాలని మనలో చాలామంది చూడకముందే తేల్చుకున్నారు. వారు పేర్ల మీద దాడి చేశారు, మనం పేర్లను సమర్థించాము. రెండు పక్షాలూ రెండు పేర్ల చుట్టూ తిరిగి అలసిపోయాక, ధారావాహికను గురించి మాట్లాడే ఓపిక ఎవరికీ మిగలలేదు. శత్రువు తిట్టినదల్లా మనకు మంచిదయ్యేటట్లయితే విమర్శకుడితో పని లేదు, శత్రువు చాలు.

కార్వేటినగరంలో సారంగపాణి పదాలు పాడించుకున్న సంస్థానం ఒకటుండేది. ఆ రోజులలో ప్రేక్షకుడంటే ప్రభువు. ఆయన తల ఊపితే అది రసం, ముఖం చిట్లిస్తే రసాభాసం. ఇప్పుడు ప్రభువు లేడు, అంగట్లో కూర్చున్న ప్రతివాడికీ అభిప్రాయం ఉన్నది. సంతోషించవలసిన మాటే. కాని ఆ అంగట్లో నేను విన్న మొదటి పది అభిప్రాయాలూ ఒకే నోటి నుంచి వచ్చినట్టుండినాయి. అవే పేర్లు, అదే కోపం, అదే వాక్యం. ఫోనులో వచ్చిన మాటను ఫోను పక్కన పెట్టి చెప్పడమే తేడా. ధారావాహికను చూడనివాళ్ళు కూడా చూసినవాళ్ళంత ధీమాగా మాట్లాడారు.

నాకు కొత్తగా వినిపించిన మాట ఒక స్త్రీ నోట విన్నాను. ఆమె కువైట్‌లో ఇంటిపనికి పోయి కొన్నేళ్ళుండి వచ్చిన మనిషి. ఈ జిల్లాల నుంచి అట్లా వెళ్ళినవారు ఎంతమందో ఉన్నారు. కొడుకు పెట్టగా ఆమె కూడా కూర్చుని చూసింది. ఎట్లుందని అడిగితే ఇట్లా అన్నది: “యేముందన్నా! ఆ ఢిల్లీ దొరలు రూములో కూచోని మాట్లాడతానే ఉండారు, మాట్లాడతానే ఉండారు. లోపల ఇరుక్కున్నోళ్ళు నీళ్ళకేం చేసినారు, దొడ్డికేం చేసినారు, పక్క సీటోళ్ళతో ఏం మాట్లాడుకున్నారు, అది సరిగ్గా చూపీలేదే. నేను కువైట్‌కి పోయినప్పుడు అయిదు గంటలే కూచునింటి. దానికే కాళ్ళు వాచిపోయినాయి. వాళ్ళు వారం దినాలు కదన్నా?”

ఆమె మాటలో కొంత అతిశయోక్తి ఉన్నది. నిండిపోయిన మరుగుదొడ్లు, దుర్గంధం ధారావాహికలో లేకపోలేదు. విమాన పరిచారికలకు ఇల్లూ వాకిలీ కొద్దిగానైనా కల్పించారు. విజయ్ వర్మ పైలట్‌గా బాగా నటించాడు. తలకు తుపాకీ ఆనించిన మనిషి మెడ ఎట్లా బిగుసుకుంటుందో అతనికి తెలుసు. (ఈయన హైదరాబాదు బిడ్డ అని మా అంగట్లో ఒక్కరికీ తెలియదు.) కాని మొత్తం మీద ఆమె పట్టుకున్నది అసలు లోపాన్నే. ఆరు భాగాలు చూసినవారిని ఒక ప్రశ్న అడిగాను: అధికారులు ఎంతమంది గుర్తున్నారు? నసీరుద్దీన్ షా, పంకజ్ కపూర్, అరవింద్ స్వామి, కుముద్ మిశ్రా, మనోజ్ పాహ్వా అని నటుల పేర్లతో గడగడా చెప్పారు. ప్రయాణీకులు ఎంతమంది గుర్తున్నారంటే, “చంపేసిన అబ్బాయి” అన్నారు. అంతటితో ఆగిపోయారు.

ఇది నటుల ప్రతిభ వల్ల మాత్రమే జరిగింది కాదు. ఉత్కంఠ కథకు ఒక ధర్మమున్నది: ప్రేక్షకుణ్ణి ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి. అతను అక్కడి నుంచి చూస్తాడు, అక్కడి నుంచే భయపడతాడు, అక్కడి నుంచే అభిప్రాయం చెబుతాడు. ఈ ధారావాహిక ప్రేక్షకుడి కుర్చీని ఢిల్లీలో అత్యవసర సమావేశం జరిగే గదిలో వేసింది. అక్కడ టెలిఫోనులున్నాయి, పటాలున్నాయి, శాఖల మధ్య పోట్లాటలున్నాయి, చతురోక్తులున్నాయి. రెండు భాగాలు తిరిగేసరికి కార్వేటినగరం రైతు కూడా కేబినెట్ కార్యదర్శిలాగా ఆలోచించడం మొదలుపెడతాడు. ‘ముగ్గురిని వదిలితే రేపేమవుతుంది? పరువేమవుతుంది?’ అంటాడు. విమానంలో కూర్చున్నవాడు అతనికి దూరంగా, ఒక అంకెగా కనబడతాడు.

అధికారుల అలసత్వాన్ని దర్శకుడు దాచాడని నేననడం లేదు. అమృత్‌సర్ ఘట్టంలో ప్రభుత్వ యంత్రం ఎట్లా నత్తనడక నడిచిందో చూపించాడు. ఆ భాగం ధారావాహిక మొత్తానికి శ్రేష్ఠమైనది. కాని ఆ తప్పు చేసినవారంతా చివరకు అలసిపోయిన మంచి పెద్దమనుషులుగా మిగులుతారు. తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. వ్యవస్థను విమర్శించినట్టూ ఉండాలి, వ్యవస్థలోని ఏ కుర్చీకీ దెబ్బ తగలకూడదు. ఇది మధ్యతరగతి ఉదారవాద కళకు బాగా అలవాటైన నేర్పు.

1999లో పరిస్థితి ఇట్లా లేదు. ఆ వారం రోజులు నాకు జ్ఞాపకమే. అప్పుడూ ప్రేక్షకుడు టెలివిజన్ ముందే కూర్చున్నాడు. కాని ఆ తెర మీద కనబడినవారు బందీల బంధువులు. ఢిల్లీలో ప్రధానమంత్రి ఇంటి ముందు గుమిగూడి ఏడ్చిన తల్లులు, అరిచిన అన్నదమ్ములు. వార్తా ఛానళ్ళు వారినే పదేపదే చూపించాయి. ఆనాడు మా వీధిలో ఎవరినడిగినా “ఎవరినైనా వదిలి మన బిడ్డల్ని తెచ్చుకోండి” అనే మాటే. పాతికేళ్ళ తర్వాత అదే వీధిలో, అందులో కొందరు అవే నోళ్ళతో, “వదలకుండా ఉండవలసింది” అంటున్నారు. మనుషులు చెడిపోయారని అనుకోవడం తేలిక. కుర్చీ మారింది. ఆనాడు బంధువుల పక్కన కూర్చున్నవారు ఈనాడు అధికారుల పక్కన కూర్చున్నారు.

“వదలకుండా ఉండవలసింది” అనేవారి వాదాన్ని నేను తేలికగా కొట్టివేయను. విడుదలైన మసూద్ అజర్ 2000లో జైష్-ఎ-మహమ్మద్‌ను స్థాపించాడు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను బలి తీసుకున్న దాడి తమదేనని ఆ సంస్థ చాటుకున్నది. ఆ జవాన్లూ పేద ఇళ్ళ బిడ్డలే. విమానంలోని ప్రాణాలు ఒకవైపు, ఇంకా పేరు తెలియని ప్రాణాలు ఒకవైపు. నిజమైన విషాద వస్తువు ఇది. గొప్ప కళాకారుడైతే ప్రేక్షకుడికి రెండు బరువులూ ఒకేసారి మోయించేవాడు, నిద్రపట్టనిచ్చేవాడు కాడు. ఇక్కడ ఒక పళ్ళెంలో బరువే వేయలేదు. మనకు పరిచయమే లేని ప్రయాణీకుల ప్రాణం ఎంత తూగుతుంది? అందువల్ల మా ఊరి ప్రేక్షకుడు సునాయాసంగా తీర్పు చెప్పగలిగాడు.

కుర్రవాళ్ళ ఫిర్యాదు వేరు. “ఆరు భాగాలు చూస్తే కమాండోలు ఒక్కరూ విమానం ఎక్కలేదేందన్నా! దీనికన్నా మన ‘గగనం’ మేలు” అన్నాడొకడు. ‘గగనం’ మాకు సొంత సినిమా లాంటిది. రాధామోహన్ దర్శకత్వంలో నాగార్జున నటించగా 2011లో వచ్చింది. చెన్నై నుంచి ఢిల్లీకి పోయే విమానాన్ని హైజాక్ చేస్తే, ఇంజను చెడి అది తిరుపతి విమానాశ్రయంలో దిగుతుంది. తిరుపతి విమానాశ్రయమంటే రేణిగుంట. పుత్తూరు మీదుగా పోతే మాకెంతో దూరం కాదు. ఢిల్లీ, బొంబాయిలకే చెందిన ఆపద మన గడప దగ్గర దిగితే ఎవరికి ఆసక్తి ఉండదు?

ఆ సినిమా పోలిక కుర్రవాడు అనుకున్నదానికన్నా లోతైనది. ‘గగనం’లో ప్రయాణీకులు మనుషులు. ఒక క్రైస్తవ ఫాదరున్నాడు, ఒక సినిమా హీరో ఉన్నాడు, ఆ హీరోకొక అభిమాని ఉన్నాడు. తెర మీద వందమందిని చితకగొట్టే ఆ హీరో నిజమైన తుపాకీ ముందు అందరిలాగే వణుకుతాడు. అభిమానికి అది మింగుడుపడదు. పాటలూ కుప్పిగంతులూ లేకుండా, తెలుగు ప్రేక్షకుడి వీరపూజను తెలుగు ప్రేక్షకుడి ఎదుటే ఎగతాళి చేసిన ధైర్యం మెచ్చుకోదగినది. కాని విమానం లోపల కూలదోసిన వీరుణ్ణే విమానం బయట మళ్ళీ ప్రతిష్ఠించారు. నాగార్జున కమాండో రూపంలో వస్తాడు, దాడి జరుగుతుంది, బందీలు బయటపడతారు. వదలవలసిన ఉగ్రవాది కూడా దారిలోనే ప్రమాదంలో చచ్చిపోతాడు. దానితో వదలాలా వద్దా అన్న చిక్కును కథకుడు తప్పించుకున్నాడు. అమృత్‌సర్‌లో జరగనిది రేణిగుంటలో జరిపించి, మన మనసు నొప్పిని మాన్పారు. హిందీలో ‘జమీన్’ 2003లోనే ఈ వైద్యం చేసింది.

ఈ విధంగా చూస్తే ‘ఐసీ 814’ ఒక మెట్టు పైనే ఉన్నది. జరగని విజయాన్ని జరిగినట్టు చూపించి అది ప్రేక్షకుణ్ణి మోసగించలేదు. ఓటమిని ఓటమిగానే చూపించింది. కుర్రవాడికి నచ్చనిది నాకు నచ్చింది. కాని మనుషుల్ని చూడడంలో ‘గగనం’ ముందున్నది. అబద్ధపు ముగింపు ఉన్న సినిమాలో ప్రాణమున్న ప్రయాణీకులు దొరికారు. నిజమైన ముగింపు ఉన్న ధారావాహికలో ప్రయాణీకులు వెనుక వరుసలలో తలలుగా మిగిలారు. నిజం చెప్పాలన్న పట్టుదలా, మనుషుల మీద ఆపేక్షా ఒకేచోట కలిసిన కాందహార్ కథ ఇంకా రాలేదు.

ఇదంతా నేను అంగట్లో చెబుతుంటే ఆ కువైట్ మనిషి కూరగాయల సంచి కింద పెట్టి నిలబడి విన్నది. ‘గగనం’ తానూ చూసిందట. “నిజంగా రేణిగుంటలో దిగింటే మనోళ్ళు పోయి బిందెల్తో నీళ్ళన్నా ఇచ్చుందురు” అన్నది.

“పోలీసోళ్ళు పోనీరక్కా” అన్నాడు కుర్రవాడు.

“పోనీకుంటే గేటుకాడ పెట్టేసి వద్దుము” అని ఆమె సంచి ఎత్తుకున్నది.