రాగిరేకు మీద లేని వరస

ఒకే వాగ్గేయకారుడు, ఒకే గొంతు, ఒకే సంపుటి. ఇలాంటి రికార్డుల్లో తెలుగు ఇళ్లలో బాగా ఇంకిపోయినవి రెండున్నాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన భద్రాచల రామదాసు కీర్తనలు మొదటివి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో వచ్చిన అన్నమయ్య సంకీర్తనలు రెండోవి. రెంటినీ భక్తి పాటలుగానే వింటూ వచ్చాం. పొద్దున్నే పెడతాం, కాఫీ తాగుతాం, ఆఫీసుకు పోతాం. పక్కపక్కన పెట్టి, కళగా విన్నది తక్కువ. అలా వింటే రెండూ ఒకే చిక్కును రెండు రకాలుగా విప్పిన తీరు కనబడుతుంది.

ఆ చిక్కేమిటో తెలియాలంటే కాసేపు అమెరికా వెళ్లాలి. గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో స్వరకర్త కోల్ పోర్టర్ పాటలతో ఒక సంపుటి చేసింది. అప్పటికి పోర్టర్ బతికే ఉన్నాడు. ప్రతి పాటకూ ఆయన రాసిన స్వరం అచ్చులో ఉంది. ఫ్రాంక్ సినాట్రా 1967లో బ్రెజిల్ స్వరకర్త జోబిమ్ పాటలు పాడినప్పుడు ఆ జోబిమే పక్కన కూర్చుని గిటార్ వాయించాడు. గాయకుడి పని స్పష్టం: ఉన్న స్వరాన్ని తన గొంతుకు తగ్గట్టు మలుచుకోవడం. పాట ఎవరిదో, పాడింది ఎవరో అక్కడ తగాదా లేదు.

మన దగ్గర అలా కాదు. తాళ్లపాక అన్నమాచార్యుడు 1503లో పోయాడు. ముప్పైరెండు వేల సంకీర్తనలు రాశాడంటారు, అందులో సగం కూడా దొరకలేదు. దొరికినవి తిరుమల సంకీర్తన భాండాగారంలోని రాగిరేకుల మీద ఉన్నాయి. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఎలా పాడాలో చెప్పే స్వరం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఆ సాహిత్యాన్ని మోసుకొచ్చి మన ముందు పెట్టారు. వరస మాత్రం ఎవరో ఒకరు మళ్లీ కట్టాల్సిందే. రామదాసుది ఇంకో దారి. రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న పాటలు భజన గోష్ఠుల్లో నోటి నుంచి నోటికి వచ్చాయి. ఊరు మారితే వరస మారేది.

మాట మిగిలి వరస పోయే ఈ సంగతి హైదరాబాద్ మౌలాలిలో ఉండేవాళ్లకు వివరించి చెప్పనక్కర్లేదు. గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి, గాయని, నర్తకి. అడిక్‌మెట్ వైపు ఆమె జాగీరు భూముల్లోనే తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసిందంటారు. తన గజళ్లను తానే దర్బారులో పాడిన మనిషి. ఆమె దివాన్ ప్రతి ఒకటి 1799లో ఒక బ్రిటిష్ అధికారి చేతికి అంది, చివరికి లండన్ గ్రంథాలయం చేరింది. కాగితం సముద్రం దాటి బతికింది. ఆమె పాడిన వరస ఒక్కటి కూడా మిగల్లేదు. గజళ్లు అచ్చులో చదువుతాం, ఛందస్సు తెలుస్తుంది, ఆమె ఎక్కడ ఆగిందో, ఏ మాటను సాగదీసిందో తెలియదు. అన్నమయ్యకు జరిగిందీ అదే. ఆయనకు తర్వాత వరస కట్టడానికి నేదునూరి కృష్ణమూర్తి దొరికాడు, చందాకు ఇంకా ఎవరూ దొరకలేదు. తార్నాక నుంచి మౌలాలి దాకా ఇంతమంది పాడేవాళ్లున్న చోట ఇది నాకు నిజంగా బాధ.

వరస పోయినప్పుడు గాయకుడు స్వరకర్త వాటాను కూడా భుజానికెత్తుకోవాలి, లేదా నమ్మకమైన ఇంకొకరికి అప్పగించాలి. బాలమురళి మొదటి దారి పట్టాడు, సుబ్బులక్ష్మి రెండోది. ఈ రెండు సంపుటాల గుణమైనా లోపమైనా అక్కడి నుంచే వస్తుంది.

బాలమురళి 1930లో తూర్పుగోదావరి శంకరగుప్తంలో పుట్టాడు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడు, పసితనంలోనే కచేరీ చేసినవాడు. అయితే రామదాసు కీర్తనలు వింటున్నప్పుడు నాకు గుర్తొచ్చేది కచేరీ వేదిక కాదు, రేడియో స్టూడియో. విజయవాడ ఆకాశవాణిలో పనిచేసి, భక్తిరంజని కార్యక్రమానికి రూపం ఇచ్చినవాడాయన. మైకు ముందు అరవాల్సిన పని లేదని, నిజానికి అరవకూడదని ఆయనకు బాగా తెలుసు. బింగ్ క్రాస్బీ తరం అమెరికాలో మైకు పుణ్యమా అని చెవిలో చెప్పినట్టు పాడటం మొదలుపెట్టింది, దానికి క్రూనింగ్ అని పేరొచ్చింది. మన శాస్త్రీయ గాయకుల్లో ఆ కిటుకు పూర్తిగా తెలిసినవాడు బాలమురళి. మూడు స్థాయిలు తిరిగే గొంతు ఉండీ, రామదాసు దగ్గరకొచ్చేసరికి దాన్ని మంద్ర, మధ్య స్థాయిలకు కుదించుకున్నాడు.

ఆనందభైరవిలో రాముడు పలకడం లేదని వాపోయే కీర్తనే తీసుకోండి. పల్లవి ఎత్తుకోవడంలో ఒక్క ఆర్భాటం లేదు. ఎదురుగా కూర్చుని మొహం తిప్పుకున్న మనిషిని బతిమాలినట్టుంటుంది. మొదటిసారి మాట సూటిగా వస్తుంది. రెండోసారి చిన్న మలుపు. తర్వాత మళ్లీ సూటిగానే. సంగతుల మీద సంగతులు వేసి పాటను బరువెక్కించగల మనిషి, తెలిసి తెలిసి వదిలేశాడు. అక్షరం స్పష్టంగా, మాట్లాడే తెలుగులో ఉన్నంత తేలిగ్గా పడుతుంది. హల్లుల్ని నొక్కడు, అచ్చుల్ని అనవసరంగా సాగదీయడు. ఈ కీర్తనల్లో చాలావాటికి ఇవాళ మనకు తెలిసిన వరస ఆయన నోట స్థిరపడిందే. పెళ్లి బ్యాండు వాయించినా, గుళ్లో ఆడవాళ్లు పాడినా, బాలమురళి రామదాసే వినబడతాడు. ఒక గాయకుడు స్వరకర్త కుర్చీలో కూర్చుని, ఎవరికీ ఇబ్బంది లేకుండా అక్కడే ఉండిపోయాడు.

ఆ చనువుకు ఒక ఖరీదు ఉంది. రామదాసు ఖైదీ. గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో మంత్రులైన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు, పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టాడని గోల్కొండ చెరలో పన్నెండేళ్లు పెట్టారన్నది అందరికీ తెలిసిన కథ. ఆ కీర్తనల్లో భక్తి ఎంతో కోపమూ అంత. ఇక్ష్వాకు కులతిలకుణ్ని పిలిచే కీర్తనలో ఆయన చేసేది పద్దు చదవడం: ఎవరికి ఏ నగ చేయించాడో, ఎన్ని మొహరీలు పట్టాయో వరసగా లెక్క చెబుతాడు. తర్వాత దేవుణ్ని తిడతాడు. ఆ వెంటనే దెబ్బల నొప్పికి తిట్టానని, ఏమనుకోవద్దని అంటాడు. లెక్క, తిట్టు, క్షమాపణ — మూడూ మూడు గొంతులు కావాలి. బాలమురళికి ఒకటే గొంతు. అది తేనె. యదుకులకాంభోజి జాలి ఆ తేనెలో పూర్తిగా కరిగి, తిట్టు కూడా ముద్దుగా వినబడుతుంది. వీపు మీద దెబ్బలున్న మనిషి ఎక్కడా కనబడడు.

చిత్తూరు నాగయ్య 1964లో తానే దర్శకత్వం వహించి, తానే నటించిన ‘రామదాసు’ ఈ విషయంలో పనికొస్తుంది. నాగయ్యకు బాలమురళి గొంతులో పదోవంతు వశ్యత లేదు. వయసు మీద పడ్డ గాత్రం. ఆ గొంతులో ఆయాసం ఉంది, అవమానం ఉంది. సంగీతంగా అది తక్కువే, రామదాసుగా ఎక్కువ. బాలమురళి సంపుటిని ఎంత ప్రేమించినా ఈ మాట దాచలేను.

ఇప్పుడు సుబ్బులక్ష్మి. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ చొరవతో బాలాజీ పంచరత్నమాల వచ్చింది. ఐదు ఎల్పీలు. అందులో ఉన్నది అన్నమయ్య ఒక్కడే కాదు, స్తోత్రాలూ ఇతరుల కృతులూ ఉన్నాయి. అయినా జనం ఆ పెట్టెలోంచి ఎంచుకుని దాచుకున్నది అన్నమయ్యనే. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. ఐక్యరాజ్యసమితిలో పాడి వచ్చిన మనిషి. అలాంటావిడ పాఠం నేర్చుకునే పిల్లలా కొత్త పాటలు, తన మాతృభాష కాని భాషలో నేర్చుకుంది. వరసల్లో కొన్ని నేదునూరి కృష్ణమూర్తివి.

నేదునూరి చేసిన పని పెద్దది. ‘నానాటి బతుకు’కు రేవతి ఎంచుకోవడమే ఒక విమర్శ. రేవతిలో స్వరాలు ఐదే, నిలబడటానికి చోటు తక్కువ, ఎక్కడ ఆగినా ఒక వెలితి. బతుకు నాటకమని చెప్పే సాహిత్యానికి అంతకన్నా తగిన రాగం ఊహించలేం. దాన్ని సుబ్బులక్ష్మి పాడిన తీరులో బాలమురళి దగ్గర దొరకనిది ఒకటుంది: తనని తాను పక్కన పెట్టుకోవడం. వరస తనది కాదు, మాట తనది కాదు. నేర్పినదాన్ని నేర్పినట్టు, గమకం గమకంగా, ఒత్తు ఒత్తుగా అప్పగిస్తుంది. తెలుగు తల్లిభాష అయిన గాయకులు మింగేసే అక్షరాలను కూడా ఆమె పలుకుతుంది. కొన్నిచోట్ల ఆ శ్రద్ధ మరీ ఎక్కువై, మాట మాట్లాడినట్టు కాక, పఠించినట్టు వినబడే మాట నిజం. బాలమురళి తెలుగులో ఊపిరి ఉంది, సుబ్బులక్ష్మి తెలుగులో నిష్ఠ ఉంది. వైరాగ్యం పాడేటప్పుడు ఆ నిష్ఠే గెలుస్తుంది. ‘నానాటి బతుకు’ ఆమె గొంతులో విన్నాక ఇంకెవరి గొంతులోనూ నాకు ఆనలేదు.

కానీ అన్నమయ్య అంటే వైరాగ్యం మాత్రమే కాదు. దొరికిన సంకీర్తనల్లో ఎక్కువ భాగం శృంగారమే: అలమేలుమంగ అలక, చెలికత్తెల ఎత్తిపొడుపులు, రాయలసీమ పలుకుబడి, సామెతలు, దంపుడు పాటలు, గొబ్బిళ్లు. పంచరత్నమాల అన్నమయ్య మాత్రం నామం పెట్టుకుని కళ్లు మూసుకున్న అన్నమయ్య. ఎంపిక చేసినవాళ్ల ఉద్దేశం పవిత్రమైనదే. సుబ్బులక్ష్మి పేరు, ఆ పట్టుచీర, ఆ వయసు కూడా అటే లాగి ఉంటాయి. ఫలితంగా సగం కవి తెరమరుగయ్యాడు. 1997లో ‘అన్నమయ్య’ సినిమా ఆ రెండో సగాన్ని కొంత చూపించింది, అదీ సినిమాకు కావలసినంత మేరకే. ఉస్మానియా క్యాంపస్‌లో ఇప్పటి పిల్లలకు అన్నమయ్య అంటే ఆ సినిమాకు కీరవాణి కట్టిన వరసలే. వాళ్లను తప్పుపట్టను. అవీ రాగిరేకు మీద లేని వరసలే కదా, నేదునూరివి లేనట్టే.

రెంటినీ తూచమంటే, రామదాసుకు మనిషి గొంతు కావాలి, బాలమురళి ఆ మనిషిని ఇచ్చాడు, అతని కోపాన్ని తీసేసుకున్నాడు. అన్నమయ్య వైరాగ్యానికి తనను మరిచిన గొంతు కావాలి, సుబ్బులక్ష్మి దాన్ని ఇచ్చింది, శృంగారం జోలికి పోలేదు. వాళ్లిద్దరూ తారుమారై ఉంటే ఎలా ఉండేదని చాలాసార్లు అనుకున్నాను. బాలమురళి అన్నమయ్యనూ పాడాడు నిజమే. కానీ ఆ చెవిలో చెప్పే చనువుతో, ఆ కొంటె మలుపులతో, అలమేలుమంగ అలక పాటలు మాత్రమే ఒక పూర్తి సంపుటిగా పాడి ఉంటే తెలుగులో క్రూనింగ్ అంటే ఏమిటో ఆ రికార్డే చెప్పేది. ‘గుప్పెడు మనసు’ సినిమాలో ఎం.ఎస్. విశ్వనాథన్ స్వరపరచిన ఆయన పాట విన్నవాళ్లకు నేను దేనికి ఆశపడుతున్నానో తెలుస్తుంది.

ఇంకొక్క మాట. ఇవాళ ఫోన్లో ఈ పాటలు వెతికితే గాయకుడి పేరు పెద్దగా కనబడుతుంది, కింద రచయిత పేరు ఉంటుంది, ఒక్కోసారి వట్టి ‘సంప్రదాయం’ అని ఉంటుంది. వరస కట్టినవాడి పేరు చాలాచోట్ల ఉండదు. ‘నానాటి బతుకు’ దగ్గర నేదునూరి కృష్ణమూర్తి పేరు అన్నమయ్య పేరుతో సమానమైన అక్షరాల్లో ఉండాలి. రామదాసు కీర్తనల దగ్గర బాలమురళి పేరు రెండుసార్లు రాయాలి: పాడినందుకు ఒకసారి, వరస నిలబెట్టినందుకు ఇంకోసారి.