చివరి కుండ దాకా

ఉచితంగా అందినవాటిలో అన్నిటికన్నా గొప్పది ఏదని అడిగితే నేను తడుముకోను. చలివేంద్రంలో తాగిన నీళ్లు. గిద్దలూరు, మార్కాపురం, దోర్నాల, కనిగిరి వైపు పుట్టి పెరిగినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగమంతా మెట్ట ప్రాంతం. ఒక పక్క నల్లమల, ఇంకో పక్క వెలిగొండలు. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్త కాదు. ఎండ ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకోవచ్చు. చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఫ్లోరైడ్ మరీ ఎక్కువైతే ఎముకలు వంకర్లు పోతాయి. కాచినా ఫ్లోరైడ్ పోదు, కుండలో పోసి ఉంచినా పోదు. కాబట్టి ఇక్కడ చలివేంద్రం పెట్టే మనిషి పక్కనున్న బోరు కొట్టి కుండలు నింపితే సరిపోదు. మంచినీళ్లు ఎక్కడున్నాయో చూసి, ట్యాంకరుకో క్యాన్లకో డబ్బు కట్టి తెప్పించాలి. తాగేవాళ్లకు ఉచితమైన ఆ గ్లాసెడు నీళ్ల వెనక రోజూ ఖర్చుంది, మోసే శ్రమా ఉంది.

చిన్నప్పుడు తర్లుపాడు వైపు నుంచి మార్కాపురానికి నడిచివచ్చే దారిలో వేపచెట్టు కింద ఒక తాటాకు పందిరి ఉండేది. అక్కడ ఒక అవ్వ కూర్చునేది. ఎండన పడి పరుగున వెళ్లి చేతులు చాస్తే వెంటనే పోసేది కాదు. "కూచో నాయనా, ఆయాసం తీరనీ, తరవాత తాగుదువు" అనేది. ముందు మొహం కడుక్కోవడానికి పోసి, చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టి, ఆ తర్వాత తాగడానికి పోసేది. ఎవరి అబ్బాయివని ఎప్పుడూ అడగలేదు. పల్లెటూళ్లో కొత్త మనిషికి ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే. ఆ ప్రశ్న అడగకుండా నీళ్లు పోయడం ఎంత పెద్ద సంస్కారమో పెద్దయ్యాక తెలిసింది.

అందరి చలివేంద్రాలూ అలా ఉండేవి కావు. కొందరికి గ్లాసు ఇచ్చి, దళితులకు మాత్రం ఎత్తు నుంచి దోసిట్లో పోసిన రోజులు మన ఊళ్లలో ఉన్నాయి. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో, దళితులను దూరం పెట్టిన చవదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగడానికి అంబేడ్కర్ వేల మందిని వెంటబెట్టుకుని నడవాల్సి వచ్చింది. మనిషిని తక్కువ చేసి పోసిన నీళ్లకు తాగేవాడు తన మర్యాదతో వెల కట్టినట్టే. అందరికీ ఒకే కుండ, ఒకే గ్లాసు ఉన్నచోటే నీళ్లు నిజంగా ఉచితం.

చల్లటి నీళ్లు ఇవ్వడంలో పనితనం కూడా ఉంది. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లలో నాననివ్వాలి. మొదట పోసిన నీళ్లు మట్టివాసన వేస్తాయి, పారబోయాలి. ఇసుక దిబ్బ చేసి, తడిపి, దానిమీద కుండను కూర్చోబెట్టాలి. చుట్టూ తడిగుడ్డ చుట్టాలి, నీడ కదిలినప్పుడల్లా కుండనూ జరపాలి. కుండ గోడలోని సన్నటి రంధ్రాల గుండా ఊరిన తేమ ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా చల్లబడుతుంది. అందుకే సముద్రం ఒడ్డునున్న చీరాల ఉక్కపోతలో కన్నా మార్కాపురం వడగాలిలో కుండనీళ్లు బాగుంటాయి. రోజులు గడిచేకొద్దీ నీటిలోని లవణాలు పేరుకుని ఆ రంధ్రాలు పూడిపోతాయి. అప్పుడు కొబ్బరిపీచుతో రుద్ది కడగాలి, అయినా చల్లబడకపోతే కుండ మార్చాలి. మూత ఉండాలి. గ్లాసు ముంచకుండా పొడుగు కాడ గరిటెతోనే తీయాలి. ఇవన్నీ చూసుకోవడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక మనిషి అక్కడ ఉండాలి.

నీళ్లివ్వడాన్ని మనవాళ్లు ఒక విద్యగానే చూశారు. గిద్దలూరుకు దక్షిణాన, కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి వేయించిన శాసనమది. నీటిదానం పుణ్యమని చెప్పి ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు వరసగా చెక్కించారు. కట్ట ఊటెత్తడం, చవుడు నేల, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఆ దోషాల్లో కొన్ని. గుండ్లకమ్మ మీద రెండు కొండల నడుమ కట్టవేసి నిలిపిన కంభం చెరువు కూడా విజయనగర కాలానిదే. 2020లో ఈ రెండు చెరువులకూ ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాలుగా గుర్తింపు వచ్చింది. వందల ఏళ్లనాటి కూలీల చెమట ఫలం మనకు ఉచితంగానే అందింది.

ఊరికే నీళ్లిచ్చే ఆలోచన మన ఒక్కళ్లదే కాదు. 1870-71లో శత్రుసేనల ముట్టడిలో పారిస్ నగరం చితికిపోయాక, రిచర్డ్ వాలెస్ అనే ఇంగ్లిష్ ధనికుడు 1872 నుంచి అక్కడి వీధుల్లో మంచినీటి ఫౌంటెన్లు పెట్టించాడు. వాటి నుంచి ఈనాటికీ నీళ్లు తాగుతున్నారు. గురు అర్జన్ దేవ్ బలిదానాన్ని తలుచుకుంటూ ఎండాకాలంలో సిక్కులు రోడ్లమీద నిలబడి వచ్చేపోయేవాళ్లందరికీ చల్లటి తీపినీళ్లు అందిస్తారు. పారిస్ ఫౌంటెన్లు ఇన్నేళ్లు నిలవడానికి కారణం, పెట్టినవాళ్ల తర్వాత కూడా వాటిని కనిపెట్టుకుని ఉన్నవాళ్లు ఉండటమే.

మన దగ్గర తగ్గిపోతున్నది ఆ కనిపెట్టుకుని ఉండటమే. ఏప్రిల్ మొదట్లో ప్రతి సెంటర్లోనూ చలివేంద్రాలు వెలుస్తాయి. ఫ్లెక్సీ, రిబ్బను, ఫొటో, మొదటిరోజు మజ్జిగ అన్నీ ఉంటాయి. మే వచ్చేసరికి చాలాచోట్ల ఫ్లెక్సీ మిగిలి కుండలు ఎండిపోతాయి. కూలికి పోయి వచ్చే ఆడవాళ్లు, పలకల గనుల్లో పనిచేసేవాళ్లు, బస్సు కోసం నిలబడిన ముసలివాళ్లు నీళ్లకోసం ఎక్కువగా అల్లాడేది రోహిణి కార్తెలోనే. అప్పటికి ఉత్సాహం చల్లారిపోతుంది. ప్రారంభించినవాళ్లను నేను తప్పుపట్టను, మంచి మనసుతోనే మొదలుపెడతారు. మొదలుపెట్టడం ఒక పూట పని, నిలబెట్టడం రెండు నెలల పని. ఆ తేడాను ముందే లెక్క వేసుకోవాలి.

ఈసారి మీ వీధిలో చలివేంద్రం పెట్టాలనుకుంటే నాదొక విన్నపం. పది కుండలకు బదులు రెండే పెట్టండి. మిగిలిన డబ్బుతో మంచినీళ్లకూ, రోజంతా కూర్చునే మనిషి కూలికీ ఏర్పాటు చేయండి. బోరు నీళ్లు పోసేటట్టయితే ముందు ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. కులం, ఊరు అడగకుండా అందరికీ ఒకే గ్లాసుతో ఇవ్వండి. మృగశిర కార్తె వచ్చి మొదటి వాన పడేదాకా ఆ రెండు కుండలూ ఎండకుండా చూడండి.